సలోయి డబ్బా, జార్జియా కూపాటీ



మాది దామరచర్ల మండలంలో ఒక తండా. మా ఇంట్ల కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. ఇది వంట గురించి పోస్టే గానీ, ఇందుల నా తప్పు ఒకటి ఉంది. అది ముందు చెప్తా.

ఫస్టియర్‌ల పండుగకు ఇంటికి పోయి వస్తుంటే యాడి సలోయి కట్టిచ్చింది. మన గోర్ వాళ్లకు తెలుసు. కోయ, గోండు, ఎరుకల దోస్తుల కోసం చెప్తున్న: మేక రక్తం, పేగులు, కార్జం వేసి వండే కూర. హాస్టల్ రూమ్‌ల మూత తీయంగనే ఒకడు ముక్కు మూసుకొని "ఏం వాసనరా ఇది" అన్నడు. నేనేం మాట్లాడలే. బయటికి పోయి పారబోసి, డబ్బా కడుక్కొని వచ్చిన. యాడికి ఫోన్‌ల "అందరం తిన్నం" అని చెప్పిన. ఆమె సంబురపడి మళ్లసారి పెద్ద డబ్బా కడతానంది. "బయటి కూరలు రానియ్యరు" అని ఇంకో అబద్ధం చెప్పిన.

మొన్న దసరా సెలవులకు ముందు అదే దోస్తు వాళ్ల అన్నకు వీడియో కాల్ చేసిండు. ఆయన జార్జియాలో, టిబిలిసిల ఎంబీబీఎస్ చదువుతున్నడు. పెనం మీద ఎర్రగా ఏవో వేయిస్తున్నడు. కూపాటీ అంట, కారం సాసేజ్. సన్నగ కొట్టిన మాంసంల వెల్లుల్లి, ధనియాలు, మిరపకారం, దానిమ్మ గింజలు కలిపి పేగుల్లో కూరి కాలుస్తరు. అక్కడ ఎక్కువగా పందిమాంసం వాడుతరు. సమెగ్రెలో ప్రాంతంల కార్జం, గుండె కూడా వేస్తరు. రూమంతా "సూపర్ ఉంది" అన్నరు. నేను పేగుల దగ్గర్నే ఆగిపోయిన.

సెలవులకు పోయినంక యాడితోని "ఇది చేద్దాం" అన్న. మేకమాంసం అరకిలో, కార్జం కొంచెం, కొవ్వు కొంచెం సన్నగ తరిగినం. ఉల్లిగడ్డ, పది వెల్లుల్లి రెబ్బలు, వేయించి దంచిన ధనియాలు, మిరియాలు, రెండు చెంచాల కారం, ఉప్పు. వాళ్లు ఒక రకం మెంతి వాడుతరు, మేము మన మెంతిపొడి చిటికెడు వేసినం. దానిమ్మ మిర్యాలగూడ నుంచి తెచ్చిన.

అసలు పని పేగులది. లోపలిది బయటికి తిప్పాలె, ఉప్పు, పసుపు వేసి రుద్దాలె, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలె. నేను రెండు తెంపిన. యాడి ఒక్కటి కూడా తెంపలే. ప్లాస్టిక్ సీసా మూతిభాగం కోసి గరాటు లెక్క పెట్టి కూరినం. మొదటిది బిగించి నింపిన, పెనం మీద పగిలిపోయింది. తర్వాతవి వదులుగా నింపి, దారంతోని కట్టి, సూదితోని అక్కడక్కడ పొడిచి, పది నిమిషాలు సన్నమంట నీళ్లల్ల ఉడికించి, అప్పుడు నూనెల నిదానంగా వేయించినం. లోపల పచ్చిదనం లేకుండా చూసుకోవాలె. అక్కడ అజికా అని ఎర్రమిరప, వెల్లుల్లి నూరి నంచుకుంటరు. మా రోట్లె ఎప్పుడూ ఉండే పచ్చడే పెట్టినం.

పేగులు కడుగుతున్నప్పుడే డబ్బా సంగతి చెప్పేసిన. యాడి చెయ్యి ఆపలే. "నాకు చెప్తే కోడికూర కట్టేదాన్ని కదరా. మేక పేగులు కడగనీకి పొద్దంతా పట్టింది ఆ రోజు" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

తిరిగి పోయేరోజు రెండు డబ్బాలు అడిగిన. ఒకదాంట్ల కూపాటీ, ఒకదాంట్ల సలోయి. రూమ్‌ల రెండు మూతలూ తీసిన. కూపాటీ ఐదు నిమిషాల్ల అయిపోయింది. ఆ దోస్తు రెండో డబ్బా చూసి "ఇదేంది" అన్నడు. "సలోయి. దీంట్లా అవే పేగులు, కడిగింది కూడా మా యాడే" అన్న. వాడు ఒక ముక్క తిన్నడు, ఇంకోటి తీసుకోలే. మిగిలింది నేను రొట్టెతోని ఖాళీ చేసిన. ఆ రాత్రి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన: ఒకడు ఒక్క ముక్క తిన్నడు, మిగతాదంతా నేనే తిన్న అని.

మీ తండాల, గూడెంల పేగులతోని ఏం వండుతరో కింద రాయండి. ఎట్ల కడుగుతరో కూడా రాయండి, నాకింకా సరిగ్గ రాదు.

జై సేవాలాల్.