ఇరుగుపొరుగు కూతలు

తీతువు కూసినచో కీడు మూడునని మన పల్లెలలో నొక నమ్మకము కలదు. రాత్రివేళ ఆ పక్షి చెఱువుగట్టు మీదుగా అఱచుచు పోయినపుడెల్ల మా అవ్వ లేచి తలుపు గడియ చూచి వచ్చెడిది. ఆమె చేసిన పని మంచిదే. కారణము మాత్రము వేఱు. తీతువు చెట్టుపై గూడు కట్టదు. బయలునేలపై గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. కావున నక్కగాని, కుక్కగాని, మనుష్యుడుగాని ఆ దాపునకు వచ్చినంతనే లేచి గగ్గోలు పెట్టును. అది మన చావును చాటుట లేదు. తన పిల్లలకై మొఱపెట్టుచున్నది. ఆ మొఱ విని చుట్టునున్న జీవులన్నియు తల యెత్తును. వేటగాండ్రకు ఈ పక్షి యనిన కంటగింపగుట అందుచేతనే.

నెక్కొండకు ఈశాన్యమున, నర్సంపేటకు ఆవల, పాకాల చెఱువు కలదు. కాకతీయ గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దమున కట్టబడినది. దాని చుట్టునున్న యడవిని 1952లో అభయారణ్యముగా ప్రకటించిరి. ఇట్టి యడవులలో కొండముచ్చులు చెట్లపైనను, చుక్కల దుప్పులు ఆ చెట్ల క్రిందను మేయుట కద్దు. కొండముచ్చు పొదుపెఱుగదు, సగము కొఱికి సగము పాఱవైచును. ఆ రాలిన యాకులు, కాయలు దుప్పులకు విందు. అయితే విందుకంటె విలువైనది వేఱొకటి కలదు. కొమ్మ చివరనున్న కొండముచ్చునకు చిరుతపులి దూరముననే కనబడును. అది కఱకుగా దగ్గినట్లు అఱవగానే దుప్పులు మేత విడిచి, తోక నిక్కించి, కాలితో నేలను తట్టును. దుప్పి ముక్కు చుఱుకైనది; అది ముందుగా పసిగట్టి కూసినచో కొండముచ్చులు పైకొమ్మలకు ప్రాకును. ఒకదాని కన్ను, వేఱొకదాని ముక్కు! కొండముచ్చు దుప్పికి చెప్పవలెనని చెప్పదు. తనవారికి చెప్పుకొనును, దుప్పి చాటుగా వినును. అడవి నెఱిగిన పశువులకాపరియు అట్లే విని మందను మళ్లించును.

వినుటకు నోరు కూడ అక్కఱలేదు. గలాపగోస్ దీవులలోని ఇగ్వానా యను పెద్దబల్లి కూయదు. అయినను అచ్చటి మాకింగు పక్షి డేగను చూచి యఱచినచో అది గుర్తించి జాగరూకమగునని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

వినువారున్న చోట వంచకులును ఉందురు. మన పొలములలో బఱ్ఱె వీపుపై సవారి చేయు పసుల పోలిగానిని ఎఱుగని బాలుడుండడు. కాకిని గ్రద్దను తఱుముటలో వాడు శూరుడు. వాని గూటి చెంతనే గూడు కట్టుకొను పిట్టలును కలవు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో వాని జ్ఞాతి యొకడు కలడు. ముంగిస జాతికి చెందిన మీర్‌కాట్లు పురుగులను త్రవ్వుకొనుచుండగా వాడు కాపుండి, డేగ వచ్చినపుడు నిజముగనే కూయును. నమ్మకము కుదిరిన పిదప డేగ లేకయే కూయును. అవి బొఱియలలో దూఱగా, విడిచిన పురుగును వాడు మ్రింగును. ఒకే కూతను పలుమాఱు వినిన మీర్‌కాట్లు లెక్కచేయవు. అంతట వాడు వేఱు ప్రాణి గొంతును అనుకరించును! తన యాహారములో దాదాపు నాలుగవవంతు వాడీ విధముగనే సంపాదించునని 2014లో ప్రకటింపబడినది. దొంగయైనను వాని తెలివిని మెచ్చక తీఱదు.

కాని యీ చెవుల బ్రతుకునకు వంచకునికంటె పెద్ద శత్రువు రొద. అమెరికాలోని ఫ్లారిడాలో కార్డినల్ అను ఎఱ్ఱపిట్టలు టిట్‌మౌస్ పిట్టల హెచ్చరిక విని కదలక నిలిచిపోవును. పెద్దబాట వాహనముల మ్రోత నడుమ ఆ హెచ్చరికను అవి లెక్కచేయలేకపోయెనని 2016లో తేలినది. మన నెక్కొండలో రైలు క్షణములో దాటిపోవును; పెండ్లివారి లౌడుస్పీకరు తెల్లవాఱువఱకు నుండును. ఆ రాత్రి పొలముగట్టున మేయు కుందేలునకు దాని పెద్ద చెవులు రెండును ఉండియు లేనట్లే.