ఊపిరాడని జీపు

భిలాయి ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసిన నాన్నగారికి ఆ పాత డీజిలు జీపు మరో సంతానం. ఆంగ్ల సాహిత్యం చదివి అనువాదాలు చేసుకునే నేను దాని బానెట్ ఏనాడూ ఎత్తి ఎరుగను.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన ఆ కర్మాగారానికి ఖనిజం పంపుతూ వచ్చిన గనులు దల్లీ రాజహరావి. ఒక వేసవి సాయంత్రం అటునుంచి తిరిగి వస్తుండగా జీపు ఎత్తు ఎక్కలేక, నల్లని పొగ కక్కి ఆగిపోయింది. నాన్నగారికి ఉబ్బసం, మందు ఇంట్లోనే ఉండిపోయింది. నా చేతులు వణికాయి.

"నల్లపొగ అంటే దానికీ గాలి చాలడం లేదురా. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు" అన్నారాయన, ఆయాసపడుతూనే.

విప్పి చూస్తే గిన్నెలోని నూనె ఎర్ర బురదగా మారి ఉంది. దాన్ని పారబోసి, డీజిలుతో కడిగి, సీటు కింద ఆయన దాచిన డబ్బాలోని నూనె గీత వరకు పోశాను. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. నాన్నగారు సకాలంలో ఇల్లు చేరారు.

ఇప్పుడాయన లేరు. ప్రతి నెలా ఇంజను నూనె, రేడియేటరులో నీరు, బ్యాటరీ కొసలు, టైర్లలో గాలి చూస్తాను. దుమ్ములో తిరిగి వచ్చిన రోజున మాత్రం, ఎంత రాత్రయినా సరే, ముందు ఆ గిన్నె విప్పుతాను.