ఎరువు సొమ్ములు

ఆడవాళ్ళకు నగలమీద మోజెక్కువని మగవాళ్ళు వేళాకోళం చేస్తుంటారు. చేస్తే చేశారుగానీ, మనం మోసే నగల్లో వాళ్ళ కంటికి ఆననివి కొన్ని వున్నాయి. "నాకు లెక్కలు రావు" అన్నది ఒకటి. "నలుగురిలో మాట్లాడలేను" అన్నది మరొకటి. "ఈ వయసులో నాకెందుకండీ ఇవన్నీ" అన్నది అన్నిటికన్నా బరువైన కాసులపేరు. తమాషా ఏమిటంటే, ఇవేవీ మనం చేయించుకున్నవి కావు. ఎప్పుడో ఎవరో మెడలో వేస్తే, తిరిగి ఇవ్వకుండా వుంచేసుకున్నవి. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దవాళ్ళు వూరికే అనలేదు.

మా పిన్ని సంగతే చూడండి. లెక్కలంటే హడలు అంటుంది. ఆవిడ వీధిలో చీటీ నడుపుతుంది. ఇరవైమంది, నెలకు తలా 5,000. పాట 16,000 దగ్గర ఆగిందనుకోండి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే "తలా ఎనిమిది వందలు కలిసొచ్చింది, ఈ నెల 4,200 కట్టండర్రా" అనేస్తుంది. పాడుకున్నావిడకు 84,000 లెక్కపెట్టి చేతిలో పెడుతుంది. కాగితం లేదు, కలం లేదు. "మరి ఇదేమిటి పిన్నీ?" అంటే, "ఇదీ ఒక లెక్కేనుటే!" అని నవ్వుతుంది. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య "దీని బుర్రకు లెక్కలెక్కవు" అన్నాట్ట. ఆయన పోయి పదేళ్ళయింది. మాట మాత్రం ఆవిడ దగ్గరే వుండిపోయింది.

నా మెడలోది "నలుగురిలో మాట్లాడలేను". ఎనిమిదో తరగతిలో పద్యం అప్పజెబుతూ మధ్యలో ఆగితే, "నీది పీలగొంతు, కూర్చో" అన్నారు మా టీచరుగారు. తర్వాత బ్యాంకులో గుమాస్తాగా చేరాను. 22 ఏళ్ళు గడిచాయి. ఆఫీసరు ప్రమోషన్ల నోటీసు వచ్చినప్పుడల్లా, ఇంటర్వ్యూ అన్న మాట చదివి కాగితాన్ని పక్కసీటుకు పంపేదాన్ని. కిందటేడు పక్కసీటమ్మాయి నిలదీసింది. "పెన్షన్ల రోజున కౌంటరు ముందు ఎనభైమంది నిలబడితే, వినబడని తాతగారికీ, కోపమొచ్చిన మాష్టారికీ సర్దిచెప్పేది ఎవరక్కా? వాళ్ళు నలుగురికన్నా తక్కువా?"

జవాబు తోచలేదు. దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చుని పంటరుణాలమీద ప్రశ్న వేశారు. ఎదురుగా మా కౌంటరు తాతగారే వున్నాడనుకుని చెప్పుకుపోయాను. గొంతు వణుకుతూనే వుంది, మాట మాత్రం ఆగలేదు. వణకడం వేరు, చేతకాకపోవడం వేరు అని నాకు తెలిసింది ఆ పావుగంటలోనే.

ప్రమోషనుతోపాటు బదిలీ కూడా వచ్చింది. 60 కిలోమీటర్లు, తెల్లవారుఝామున బస్సు. మా అత్తగారి మోకాళ్ళనొప్పులు, పిల్లవాడి ఇంటరు పరీక్షలు. ఇవి ఎరువు సొమ్ములు కావు, నిజమైన బరువులే. వీటికి మంత్రం లేదు, ఇంటిల్లిపాదీ కూర్చుని పంచుకోవాల్సిందే. మావారు కుక్కరు పెట్టడం నేర్చుకున్నారు. మూడో విజిలుకు ఇప్పటికీ ఉలిక్కిపడతారనుకోండి! నిజమైన అడ్డంకి ఏదో, ఎవరో అన్న మాట ఏదో విడదీసి చూడకపోతే రెండూ కలిసి ఒకటే గోడలా కనిపిస్తాయి.

అడ్డంకులంటే అయ్యలసోమయాజుల లలితగారికి వచ్చినవి అడ్డంకులు. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనో యేట పెళ్ళి, పద్దెనిమిదో యేటికే చంటిబిడ్డతో వైధవ్యం. గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యులుగా వున్న తండ్రి పప్పు సుబ్బారావుగారి అండతో 1940లో అక్కడే చేరారు. మనదేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. పత్రంలో మగవాళ్ళకోసం అచ్చువేసిన "హీ"ని కొట్టేసి "షీ" అని దిద్దారట! 1964లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు కూడా వెళ్ళొచ్చారు. అచ్చయిన అక్షరాన్నే దిద్దగా లేనిది, ఎవరో నోటితో అన్న మాటను మనం దిద్దుకోలేమా?

పదవి వస్తే ఆ సొమ్ము దానంతటదే ఊడిపోతుందనుకునేరు, ఊడదు. అమెరికాలో పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పైకొచ్చిన స్త్రీలను నూటయాభైమందికి పైగా పరిశీలించి 1978లో ఒక వ్యాసం రాశారు. అంత చదువూ, హోదా వున్నవాళ్ళు కూడా "ఇదంతా అదృష్టం, ఏదో ఒకరోజు నా బండారం బయటపడుతుంది" అని లోలోపల బిక్కుబిక్కుమంటుండేవారట. అంచేత సొమ్మును మనమే విప్పాలి. నేను చేసేదల్లా ఒకటే. "నావల్ల కాదు" అని నోటిదాకా రాగానే, ఈ మాట ముందుగా ఎవరన్నారు, ఆ తర్వాత నేను చేసినవేమిటి అని లెక్క చూసుకుంటాను. చాలాసార్లు మాట పాతదీ, పని కొత్తదీ అని తేలుతుంది.

మొన్న ఆదివారం మా మేనకోడలు పుస్తకం విసిరేసి, "ఫిజిక్సు నావల్ల కాదత్తా" అంది.

"ఎవరన్నారే?" అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. తర్వాత పుస్తకం తెచ్చుకుని, "ఎవరూ అన్లేదుగానీ, ఈ లెక్క ఒక్కటీ చెప్పు" అంది.

ఆ లెక్క నాకూ రాలేదు. ఇద్దరం కలిసి మొదటి పేజీనుంచీ మొదలెట్టాం.