గుర్తుకు రాకపోవడం, మర్చిపోవడం ఒకటి కాదు

మాక్ టెస్టులో తెలిసిన ప్రశ్న ఒకటి తప్పు పోగానే మనలో చాలామంది "నాకు జ్ఞాపకశక్తి తక్కువ" అని తీర్పు ఇచ్చేసుకుంటారు. ఆ తీర్పును నమ్మి పెద్ద నిర్ణయాలు కూడా తీసుకుంటారు. కొందరు ఆప్షనల్ మారుస్తారు, కొందరు కొత్త పుస్తకాలు కొంటారు, కొందరు ప్రిపరేషన్ మానేసి ఇంటికి వెళ్ళిపోతారు. ఆ తీర్పులో నిజమెంతో ఈ వ్యాసంలో చూద్దాం. సైన్స్ ప్రశ్నలకీ, జీఎస్-4లో భావోద్వేగ ప్రజ్ఞకీ, ఎస్సే పేపరుకీ ఇది పనికొస్తుంది. అంతకంటే ముందు మన రోజువారీ చదువుకి పనికొస్తుంది.

నా సంగతి చెప్తాను. బీటెక్ అయ్యాక రెండేళ్ళు ఉద్యోగం చేసి, దాచుకున్న డబ్బుతో అశోక్‌నగర్ వచ్చాను. ఇప్పుడు 26 ఏళ్ళు, మూడో అటెంప్ట్. రెండో ప్రిలిమ్స్‌లో ద్రవ్య బిల్లుకీ ఆర్థిక బిల్లుకీ ఉన్న తేడా దగ్గర నా బుర్ర ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. అది నాలుగుసార్లు రివిజన్ చేసిన అధ్యాయం. పేపరు ఇచ్చేసి బయటికొచ్చి బస్టాపులో టీ తాగుతుంటే 110వ అధికరణం, 117వ అధికరణం వరసగా కళ్ళముందుకొచ్చాయి. అంటే చదివింది ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. కావలసిన రెండు గంటల్లో మాత్రం బయటికి రాలేదు. ఆ ఏడాది కటాఫ్ కొద్దిలో పోయింది. అలా ఎందుకు జరిగిందో తెలుసుకోకుండా మూడోసారి హాల్లో కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది.

జ్ఞాపకానికి మూడు దశలున్నాయి. ముందు సమాచారం లోపలికి వెళ్ళాలి, తర్వాత గట్టిపడాలి, చివరికి అవసరమైనప్పుడు బయటికి రావాలి. మా ఇంజినీరింగ్ భాషలో రైట్, సేవ్, రీడ్ అనుకోండి. ఇందులో ముఖ్యపాత్ర హిప్పోక్యాంపస్‌ది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి, కానీ ఆ తర్వాత జరిగిన సంగతులేవీ అతనికి గుర్తుండలేదు. చిన్నప్పటి జ్ఞాపకాలు మాత్రం మిగిలాయి. కొత్త జ్ఞాపకం తయారయ్యే చోటు ఏదో ప్రపంచానికి అలా తెలిసింది.

ఇక ఒత్తిడి. కంగారు పుట్టగానే అధివృక్క గ్రంథులు రెండు రకాల హార్మోన్లు వదులుతాయి. అడ్రినలిన్ క్షణాల్లో వస్తుంది. గుండె దడ, చేతుల చెమట దాని పనే. కార్టిసాల్ నెమ్మదిగా పెరిగి, సుమారు 20 నుంచి 30 నిమిషాల తర్వాత ఎక్కువ స్థాయికి చేరుతుంది. ఇది రక్తం నుంచి నేరుగా మెదడులోకి వెళ్ళగలదు. హిప్పోక్యాంపస్‌లో ఈ జాతి హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు దండిగా ఉన్నాయని 1968లో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం ఎలుకల్లో చూపించింది. అంటే ఒత్తిడి హార్మోన్ వచ్చి వాలేది సరిగ్గా మన చదువు తయారయ్యే చోటే.

ఇది ఎప్పుడూ చెడ్డదే అనుకోకండి. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా బృందం కొందరికి ఒక ప్రమాదం కథను స్లైడ్లతో చెప్పింది. కొందరికి ముందే ప్రొప్రానలాల్ అనే మందు ఇచ్చారు. అది అడ్రినలిన్ రకం హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకుంటుంది. వారం తర్వాత అడిగితే, మందు తీసుకోనివాళ్ళకు కథలోని ఉద్వేగభరితమైన భాగం బాగా గుర్తుంది. మందు తీసుకున్నవాళ్ళకు ఆ అదనపు లాభం కనిపించలేదు. మామూలు భాగంలో తేడా లేదు. కాబట్టి నేర్చుకునేటప్పుడు కాస్త ఉద్వేగం ఉంటే అమిగ్డలా "ఇది దాచు" అని హిప్పోక్యాంపస్‌కి చెప్పినట్టే. స్నేహితుడితో గట్టిగా వాదించిన టాపిక్ ఏళ్ళ తరబడి గుర్తుండేది ఇందుకే.

చిక్కు మూడో దశలో వస్తుంది. 1998లో డొమినిక్ ద కెర్వెయిన్ బృందం ఎలుకలకు నీటితొట్టిలో ఒక చోటు గుర్తుపెట్టుకోవడం నేర్పింది. మర్నాడు పరీక్షకు 30 నిమిషాల ముందు చిన్న షాక్ ఇస్తే అవి ఆ చోటు సరిగా వెతుక్కోలేకపోయాయి. అదే షాక్ 2 నిమిషాల ముందు ఇచ్చినా, 4 గంటల ముందు ఇచ్చినా ఇబ్బంది లేదు. ఆ హార్మోన్ తయారీని మందుతో ఆపినప్పుడు, 30 నిమిషాల ముందు షాక్ ఇచ్చినా జ్ఞాపకం దెబ్బతినలేదు. ఇప్పుడు మన ప్రిలిమ్స్ ఉదయాన్ని తలుచుకోండి. గేటు దగ్గర క్యూ, హాల్ టికెట్ తనిఖీ, ఓఎంఆర్ నింపడం. మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ గేటు దగ్గర పుట్టిన కంగారు ఏ సమయానికి హిప్పోక్యాంపస్‌ని తాకుతుందో ఈ లెక్క చూస్తే కొంత అర్థమవుతుంది.

నెలల తరబడి సాగే ఒత్తిడి ఇంకో రకం. అమ్మ ఫోన్లో "తిన్నావా నాన్నా" అని మాత్రమే అడుగుతుంది. నాన్న అసలు ఏమీ అడగరు. ఆ అడగకపోవడం ఎంత బరువో మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు. అలాంటి ఒత్తిడి రోజుల తరబడి పెడితే ఎలుకల హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కురచబడతాయని మెక్‌యూవెన్ బృందమే చూపించింది. ఒత్తిడి తీసేశాక అవి చాలావరకు మళ్ళీ పెరిగాయి. ఈ రెండో వాక్యం మీ నోట్స్‌లో అండర్‌లైన్ చేసుకోండి.

ఇప్పుడు సెరటోనిన్. దీన్ని "ఆనందం హార్మోన్" అని చెప్పేస్తుంటారు. అది సగం మాట కూడా కాదు. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లో ఉంటుంది, అది మెదడులోకి రాదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. జ్ఞాపకంలో దాని పాత్రను స్పష్టంగా చూపినవాడు ఎరిక్ క్యాండెల్. ఆయన ఎంచుకున్న జీవి అప్లీసియా అనే సముద్రపు నత్త, దాని నాడీవ్యవస్థలో ఉన్నది సుమారు 20,000 నాడీకణాలే. దాని నాడీకణాల మీద సెరటోనిన్ ఒక్కసారి వేస్తే, వాటి మధ్య సంబంధం కొన్ని నిమిషాలు మాత్రమే బలపడింది. విరామం ఇస్తూ ఐదుసార్లు వేస్తే ఒక రోజు దాటి నిలిచింది. రెండో సందర్భంలో క్రెబ్ అనే ప్రోటీన్ జన్యువులను మేల్కొల్పింది, కొత్త ప్రోటీన్లు తయారయ్యాయి, కొత్త సినాప్స్‌లు మొలిచాయి. ఈ కృషికి ఆయనకు 2000లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

మనిషి మెదడులో సెరటోనిన్ గ్రాహకాలు చాలా రకాలు, వాటి పనులు వేరువేరు. కాబట్టి సెరటోనిన్ పెంచే మందు మింగితే లక్ష్మీకాంత్ గుర్తుండిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నత్త నేర్పేది వేరే పాఠం. దీర్ఘకాల జ్ఞాపకం అంటే మెదడులో జరిగే కట్టడం పని. గోడకు నీళ్ళు పట్టినట్టు, మధ్యలో వ్యవధి కావాలి. ఒకే రాత్రి ఐదుసార్లు చదవడం వేరు, ఐదు వేర్వేరు రోజులు చదవడం వేరు.

మా రూంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన తమ్ముడొకడున్నాడు. పోయిన నెల ఒక రాత్రి పుస్తకం మూసేసి, "అన్నా, నా బుర్రలో ఏదీ నిలవట్లేదు. ఇంట్లోవాళ్ళ డబ్బులెందుకు తగలెయ్యడం, ఊరెళ్ళిపోతా" అన్నాడు. ఉండమని గానీ వెళ్ళమని గానీ నేను అనలేదు. వెళ్ళడం తప్పేమీ కాదు. సుమారు వెయ్యి పోస్టులకు లక్షలమంది రాసే పరీక్ష ఇది, జీవశాస్త్రం ఆ లెక్కను మార్చదు. కానీ వెళ్ళేది "నా బుర్ర పనికిరాదు" అనే అబద్ధం నమ్మి కాకూడదు. వాడు నాలుగు గంటలే పడుకుంటున్నాడు, చదివిందే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు, ఒక్కసారీ పుస్తకం మూసి రాసి చూసుకోలేదు. ముందు నెల రోజులు ఆ మూడూ మార్చి చూడమన్నాను.

ఆ మూడోదానికి మంచి ఆధారం ఉంది. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 120 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు పాఠాన్ని మళ్ళీ చదివింది, రెండోది చూడకుండా గుర్తుచేసుకుంటూ నేర్చుకుంది. మర్నాడు కొందరిని అపరిచితుల ముందు ప్రసంగం, లెక్కలు చేయించి ఒత్తిడికి గురిచేశారు. మళ్ళీ చదివినవాళ్ళ జ్ఞాపకం ఆ ఒత్తిడికి తగ్గింది, గుర్తుచేసుకుంటూ నేర్చుకున్నవాళ్ళది తగ్గలేదు. అంతకు ముందు 2011లో అదే పత్రికలో రామిరెజ్, బైలాక్ మరొకటి చూపించారు. పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసిన విద్యార్థులు మెరుగ్గా చేశారు.

నేను ఇప్పుడు చేస్తున్నది ఇంతే. చదివిన టాపిక్‌ని మర్నాడు, వారానికి, నెలకు తెల్లకాగితం మీద చూడకుండా రాస్తాను. ఆదివారం మాక్ టెస్టు ఇంట్లో కాకుండా జనం ఉన్న స్టడీ హాల్లో, సరిగ్గా ఉదయం 9:30కి మొదలుపెడతాను. నిద్రకు ఏడు గంటలు తీసిపెడతాను. నిద్ర కూడా సిలబస్‌లో భాగమే, ఎందుకంటే పగలు చదివింది గట్టిపడేది చాలావరకు అప్పుడే. ఫలితం ఏమొస్తుందో చెప్పలేను. కానీ గుర్తుకు రాని ప్రశ్న దగ్గర ఇప్పుడు నన్ను నేను తిట్టుకోవడం లేదు. గుర్తు పెట్టి ముందుకెళ్ళి, చివర్లో మళ్ళీ వస్తున్నాను. చాలాసార్లు అప్పటికి అది గుర్తుకొస్తోంది.

ఇక మీ వంతు. పైకి స్క్రోల్ చేయకుండా ఒక కాగితం తీసుకోండి. కార్టిసాల్ ఎన్ని నిమిషాల్లో గరిష్ఠానికి చేరుతుంది? నత్తకు సెరటోనిన్ ఎన్నిసార్లు వేస్తే జ్ఞాపకం నిలిచింది? ఎలుకకు షాక్ ఎప్పుడు ఇస్తే దారి తప్పింది? రాయండి. రానివి రేపు మళ్ళీ రాయండి.