మ్యూనిక్ తిరునాళ్లకు పొద్దున్నే వెళ్లాలి

పేరులో అక్టోబరు ఉన్నా, మ్యూనిక్ బీరు ఉత్సవం అక్టోబర్‌ఫెస్ట్ చాలావరకు సెప్టెంబరులోనే జరిగిపోతుంది. ఆ సంగతి మాకు చెప్పింది మ్యూనిక్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు. "అక్టోబరు పదికి టికెట్లు చూస్తున్నానురా" అని ఫోన్లో అంటే, "అప్పటికి గుడారాలు విప్పేస్తుంటారు మామయ్యా" అన్నాడు. 2024లో ఉత్సవం సెప్టెంబరు 21న మొదలై అక్టోబరు 6న ముగిసింది.

పేరు మాత్రం పెళ్లి నెలది. 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు తెరేసాతో పెళ్లయింది. ఐదు రోజుల తర్వాత ఊరి బయటి పచ్చికలో గుర్రప్పందేలు పెట్టి జనాన్నంతా పిలిచారు. ఆ పచ్చికకు పెళ్లికూతురి పేరే నిలిచింది, తెరేసియన్‌వీజే అని. ఊరివాళ్లు మైదానాన్నీ ఉత్సవాన్నీ కూడా 'వీజ్‌న్' అనే అంటారు. పందేలు పోయాయి. అక్టోబరు చలి పడలేక తేదీలు ముందుకు జరిగాయి.

మా ప్రయాణం దాదాపు చెడిపోయింది హైదరాబాద్‌లోనే. ఒక ట్రావెల్ ఏజెంటు 'ఉత్సవం టికెట్లు, టేబుల్ రిజర్వేషను' కలిపి, నాకూ మా ఆవిడకూ ఒక విమాన టికెట్టుకు సరిపోయేంత అడిగాడు. డబ్బు కట్టబోయే ముందు మేనల్లుణ్ని అడిగాను, నయమైంది. మైదానంలోకి వెళ్లడానికి టికెట్టే లేదు. గుడారంలో అడుగుపెట్టడానికీ లేదు. టేబుల్ రిజర్వేషను ఇచ్చేది ఆ గుడారం నడిపేవాళ్లే. అదీ సాధారణంగా ఎనిమిది, పది మందికి కలిపి, తిండికీ బీరుకూ ముందే కూపన్లు కొనిపించి ఇస్తారు. మేనల్లుడితో కలిపి ముగ్గురు మనుషులం, దాంతో మాకేం పని? మామూలు రోజు పొద్దున వెళితే బల్లలు ఖాళీగానే ఉంటాయి. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది డబ్బు పోగొట్టుకుంటున్నారో అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ రెండు వారాలు మ్యూనిక్‌లో హోటలు అద్దెలు రెండింతలు, మూడింతలు అవుతాయి. అందుకే ఆగ్స్‌బర్గ్‌లో దిగాం. అక్కడి నుంచి మ్యూనిక్‌కు రైల్లో ముప్పావుగంట. బయర్న్ టికెట్ అని ఒకటుంది. ఒక్క టికెట్టు మీదే ఐదుగురి దాకా రోజంతా ప్రాంతీయ రైళ్లలో తిరగొచ్చు. కాకపోతే పనిరోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. గుడారాలు తెరిచేది పదింటికి కాబట్టి మాకు సరిగ్గా అతికింది.

మేం వెళ్లింది బుధవారం. మూడు లీటర్లకు మించిన సంచి లోపలికి రానివ్వరు. మా ఆవిడ చేతిసంచి గదిలోనే వదిలేసి, పాస్‌పోర్టులు, నోట్లు జేబుల్లో సర్దుకున్నాం. మేనల్లుడు మమ్మల్ని ముందు ప్రధాన ద్వారం దగ్గరున్న స్మారకానికి తీసుకెళ్లాడు. 1980 సెప్టెంబరు 26 రాత్రి అక్కడ బాంబు పేలి పదమూడు మంది పోయారు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. మా ఆవిడ చెప్పులు విడిచి కాసేపు నిలబడింది. సంతోషంగా బయల్దేరినవాళ్లకు ఇదెందుకని నేననుకోలేదు. అక్కడ తల వంచాకే లోపలికి వెళ్లడం సబబు.

పెద్ద గుడారాలు పద్నాలుగు. బీరు మాత్రం మ్యూనిక్ ఊళ్లోని ఆరు కంపెనీలదే. మేం ఆగుస్టినర్ వారి గుడారం ఎంచుకున్నాం. అక్కడ ఇప్పటికీ రెండు వందల లీటర్ల కర్ర పీపాల నుంచే బీరు పోస్తారు. కొత్త పీపా తెరిచినప్పుడు గంట కొడతారు. ఆ గంట వినబడగానే చుట్టూ ఉన్న తలలన్నీ అటు తిరిగాయి.

కూర్చున్నవాళ్లకే వడ్డన, నిలబడితే ఎవరూ పలకరించరు. అప్పటికే ఒక ముసలి దంపతులు కూర్చున్న బల్ల దగ్గర చోటు అడిగాం. ఆయన జరిగి చేత్తో బెంచీ తట్టాడు. ఆయన వేసుకున్న తోలు నిక్కరు వాళ్ల నాన్నదట. తొడల మీద తోలు నల్లబడి, అరిగి, నూనె రాసిన చెక్కలా మెరుస్తోంది. కుట్టు ఊడిన చోట కొత్త దారం తెల్లగా కనిపించింది. వడ్డించే ఆవిడ రెండు చేతుల్లో పది మగ్గులు గుండెకు ఆనించుకుని వచ్చింది. ఖాళీ మగ్గే కిలో పైన తూగుతుంది, దాంట్లో మళ్లీ లీటరు బీరు. ఆ లీటరును 'మాస్' అంటారు. 2024లో ధర గుడారాన్ని బట్టి 13.60 నుంచి 15.30 యూరోల దాకా ఉంది, మన లెక్కలో పన్నెండు, పద్నాలుగు వందలు. తెచ్చినప్పుడే డబ్బిచ్చి, పైన కొంత కలపాలి.

ఈ బీరు మామూలుదానికన్నా ఘాటు, ఆరు శాతం దాటుతుంది. ముందు కాల్చిన సగం కోడి, అరచేతికి రెండింతలున్న బ్రెట్జెల్ తిన్నాం. తర్వాతే మగ్గు ఎత్తాం. మా ఆవిడ తాగదు. ఆపిల్ రసంలో సోడా కలిపిన గ్లాసు తెప్పించుకుంది, ఆ బల్ల మీద ఎవరూ ఎందుకని అడగలేదు. మగ్గులు తగిలించేటప్పుడు కళ్లలోకి చూడాలని పెద్దావిడ ఆమెకే ముందు నేర్పింది.

సాయంత్రం ఆరు దాకా గుడారాల్లో ఊదుడు వాద్యాల మేళమే, అదీ 85 డెసిబెల్స్ దాటకుండా. 2005 నుంచి ఈ నియమం ఉంది. అందుకే పగలు పక్కవాళ్ల మాట వినబడుతుంది. రాత్రి సందడి కుర్రవాళ్లకు బాగుంటుందేమో. నాకు మాత్రం ఆ ఉదయాన్ని మించింది లేదు.

2026లో ఉత్సవం సెప్టెంబరు 19న మొదలై అక్టోబరు 4న ముగుస్తుంది. షెంగెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. వెళ్లాలనుకునేవాళ్లు మార్చిలోనే కాగితాలు సిద్ధం చేసుకోండి.