నాలుగు కొమ్ముల కొండగొర్రె

గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు మార్కాపురం రోడ్డు, కంభం దాటి గిద్దలూరు చేరేవరకూ కిటికీలో కనుపించేది చాలామటుకు మెట్టనేలే. దిగువమెట్ట వచ్చేసరికి నల్లమల ఎదురుగా నిలబడుతుంది. బొగద సొరంగంలో దూరి అవతలికి పోయే ప్రయాణికులకు అదొక వేడుక. మా కాలేజీ జంతుశాస్త్రం విద్యార్థులకు మాత్రం తరగతి గది. తెలుగు చెప్పుకొనేవాడికి అక్కడేం పని అంటారేమో! పేర్ల మీద ఆశకొద్దీ వెంట వెళ్ళాను.

జంతుశాస్త్రమంటే కప్పను కోయడమేనని ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో అనుకుంటారు. ఆ రోజులు పోయాయి. కోతలు తగ్గించమని 2011లో చెప్పిన యు.జి.సి. 2014లో వాటిని మాన్పించేసింది. జీవకణం, అనువంశికత, శరీరధర్మం, పరిణామం, ఇవన్నీ చదవవలసినవే. కాని వీటికి పునాది ఏ జంతువు దేనికి చుట్టమో తేల్చుకోవడం.

కొండగొర్రె సంగతే చూడండి. పేరులో గొర్రె ఉన్నది. చూడబోతే దుప్పి పిల్లలా ఉంటుంది. రెండూ కాదు! దుప్పి కొమ్ములు కొమ్మలుగా చీలుతాయి, రాలిపోతాయి, మళ్ళీ మొలుస్తాయి. కొండగొర్రె కొమ్ముకు లోపల ఎముక, పైన ఒర. అది చీలదు, రాలదు. కనుక ఇది ఆవుల కుటుంబంలోది. కొమ్ములు మగదానికే. అవీ నాలుగు: చెవుల నడుమ రెండు, నుదుట రెండు పొట్టివి. ఇక బతికున్న జంతువులలో దీనికి అన్నిటికంటె దగ్గర చుట్టం ఏదంటే, ఇంతెత్తున ఉండే మనుబోతు! పద్యాలకు అర్థం చెప్పేటప్పుడు లేడి, జింక, దుప్పి మూడూ మాకొకటే. ఇక్కడ అలా కుదరదు.

దీని శాస్త్రీయ నామం టెట్రాసెరస్ క్వాడ్రికార్నిస్. మొదటి మాటకు గ్రీకులో నాలుగు కొమ్ములని అర్థం, రెండో మాటకు లాటిన్‌లో మళ్ళీ అదే. మా అలంకారశాస్త్రంలో దీన్ని పునరుక్తి అంటారు.

అటవీశాఖ అనుమతితో మాకు దారి చూపించిన చెంచు పెద్దాయనను ఒకమ్మాయి అడిగింది: "తాతా, కొండగొర్రె ఎక్కడ కనపడుద్ది?"

ఆయన ఒక పొద పక్కన పెంటికల కుప్ప చూపించాడు. "కనపడదమ్మా. ఈడికి మాత్రం మళ్ళా వస్తది. వేసిన తావునే వేస్తది."

ఆ అమ్మాయి చేతిలోని పుస్తకంలోనూ అదే ఉన్నది. పుస్తకం చెప్పనిది, ఈ గుట్ట మీద ఆ తావు ఏ పొద పక్కనో!

పెంటికలు లెక్కపెట్టడం కూడా ఒక చదువేనా అని తల్లిదండ్రులు విసుక్కుంటారు. నల్లమలలో పులుల అభయారణ్యం 1983 నాటిది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పేరిట తెలంగాణలో ఉన్నది. ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు గనుక, ఫొటోలు తీసి పులులను లెక్కిస్తారు. మరి ఆ పులి తినేదెంత ఉన్నదో ఎవరు చెప్పాలి? కొండగొర్రెల సంఖ్య దేశంలో తగ్గిపోతున్నది. కుప్ప దీనిదో దుప్పిదో పోల్చుకోలేనివాడు రాసే లెక్కలో అది తగ్గిన సంగతే తెలియదు.

పిల్లలు నోటుపుస్తకాల్లో మూడు గళ్ళు గీసుకున్నారు. లాటిన్ పేరు, ఇంగ్లీషు పేరు, పెద్దాయన చెప్పిన పేరు. మనుబోతు, కణితి, రేచుకుక్క, అలుగు. మూడో గడి నింపేటప్పుడు అక్షరదోషాలు దిద్దడం నా వంతు.

కొండగొర్రె ఆ రోజు కనుపించనే లేదు. కుప్పలు మూడు, గిట్టల జాడలు ఒకచోట. వాటిని కొలిచి రాసుకొని, పొద్దు వాలకముందే దిగువమెట్టకు దిగాము.