మూడో పిన్ను

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కింది రెండు పిన్నులూ ఒకేలా ఉంటాయి. పైనున్న మూడోది మాత్రం వాటికన్నా లావు, పొడుగు. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి కరెంటు పాఠం మధ్యలో పుస్తకం పక్కన పెట్టి, "దీనికి మాత్రమే ఎందుకు నాన్నా ఇలా?" అని అడిగింది. మంచి ప్రశ్నే.

కింది రెండింటిలో ఒకటి ఫేజ్, రెండోది న్యూట్రల్. మన ఇళ్లకొచ్చే 230 వోల్టుల కరెంటు వాటి గుండానే నడుస్తుంది. మూడోది ఎర్త్. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లూ దానికి పనే ఉండదు. లోపలెక్కడో వైరు తొడుగు కరిగి, ఫేజ్ తీగ ఇనుప బాడీకి తగిలిందనుకోండి. ఎర్తింగ్ బాగుంటే ఆ కరెంటు భూమిలోకి దిగుతుంది, ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏదీ పడదు. ఎవరో ఒకరు వచ్చి ముట్టుకునేదాకా ఆ బాడీలో కరెంటు కాచుకుని ఉంటుంది. పొద్దున్నే స్కూల్ బస్సు హడావుడిలో, తడి కాళ్లతో యూనిఫాం ఇస్త్రీ చేసుకునే పిల్లలున్న ఇళ్లు మనవి.

పొడుగు ఎందుకంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ ముందు అందుకోవాలి, తీసేటప్పుడు చివరికి వదలాలి. లావు ఎందుకంటే, పొరపాటున కూడా అది ఫేజ్ రంధ్రంలో పట్టకూడదు. చాలా కొత్త సాకెట్లలో ఇంకో పని కూడా దానిదే. కింది రంధ్రాలకు అడ్డుగా ఉండే చిన్న మూతలను ఆ పొడుగు పిన్నే తెరుస్తుంది. పిల్లలు పుల్లో పిన్నీసో దూర్చకుండా పెట్టిన ఏర్పాటు అది. మనమేమో రెండు పిన్నుల ఛార్జర్ పట్టకపోతే పై రంధ్రంలో పెన్ను గుచ్చి మరీ ఆ మూత తెరుస్తాం, అదీ పిల్లల ఎదురుగానే!

ఇక అసలు సంగతి. మేం అద్దెకు దిగిన ఇంట్లో మొదటి వారమే ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. సాకెట్‌కు మూడు రంధ్రాలూ చక్కగా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి, హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన బల్బు ఒకటి తీశాడు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ పెడితే వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ పెడితే వెలగలేదు. "రంధ్రమే ఉంది సార్, వెనకాల తీగ లేదు" అన్నాడు. ఓనరు గారిని అడిగితే, ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదన్నారు. చివరికి మేమే తీగ లాగించుకున్నాం. అద్దెలో పట్టుకోవడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

బల్బు పరీక్ష మీరు చేయకండి, పని తెలిసినవాళ్లతోనే చేయించండి. ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషిన్‌ల మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌కు తగిలిస్తే, గోడలో ఎంత మంచి ఎర్తింగ్ ఉన్నా దండగే. గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. 6 ఆంపియర్లది సరిపోదు. ఫోన్ ఛార్జర్ సంగతి వేరు. దాని మీద గడిలో గడిలా చిన్న గుర్తుంటే, లోపల రెండు వరసల తొడుగు ఉందని అర్థం. దానికి ఎర్త్ అక్కర్లేదు.

ఎంసీబీ ఉంది కదా అని ధీమా పడేవాళ్లు చాలామంది. అది వైరు కాలిపోకుండా కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే కరెంటు ఆపేస్తుంది. దాని మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. ఈ ఆదివారం నొక్కి చూడండి. టక్కున పడిపోవాలి. పడకపోతే సోమవారమే మార్పించండి.